ల్యాప్‌టాప్‌కు సున్నా, ప్లేస్టేషన్‌కు ఇరవై: ఆర్థిక మంత్రి గారికి ఒక పార్లర్‌వాడి ఉత్తరం

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారాలు. మీ మెట్టినిల్లు నరసాపురం వైపే కాబట్టి, ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో రాయించుకునే పని పెట్టుకోలేదు. గేమ్ మిషన్ల మీద ఉన్న 20 శాతం దిగుమతి సుంకం తగ్గించమని అడగడానికే ఇది రాస్తున్నాను. నేను హనుమకొండలో ఒక చిన్న గేమింగ్ పార్లర్ నడుపుతాను. ఆరు టీవీలు, వాటికి తగిలించి ఆడే ఆరు ప్లేస్టేషన్లు (సోనీ వాళ్ల గేమ్ మిషన్లు), ఒక ఇన్వర్టర్, ఎండాకాలానికి ఒక కూలర్. ఒక్కరు ఆడితే గంటకు 60 రూపాయలు, ఇద్దరైతే 100. పన్నెండేళ్లుగా ఇదే బతుకుదెరువు. పరీక్షల రోజుల్లో ఈగలు తోలుకుంటాను, దసరా సెలవుల్లో అన్నం తినడానికి కూడా తీరదు.

నా ఆరు మిషన్లలో నాలుగు పాతవి, పీఎస్4లు (నాలుగో తరం ప్లేస్టేషన్లు). వాటి ఫ్యాన్లు విమానం లేచినట్టు మోగుతాయి. ఆరు నెలలకోసారి విప్పి, దుమ్ము దులిపి, చిప్ మీద పేస్ట్ మార్చి మళ్లీ బిగిస్తుంటాను. ఇప్పుడు లోపలికి వచ్చిన ప్రతి కుర్రాడూ ముందు అడిగేది "అన్నా, ఫైవ్ ఖాళీ ఉందా?" అనే. జీటీఏ 6 అనే గేమ్‌ను ప్రకటించింది పీఎస్5కీ, మైక్రోసాఫ్ట్ వాళ్ల కొత్త తరం ఎక్స్‌బాక్స్‌కీ మాత్రమే. అది వచ్చిన రోజున నా నాలుగు పాత మిషన్లనూ అడిగేవాడు ఉండడు. ఈలోగా నాలుగు కొత్తవి కొనాలి. డిస్క్ పెట్టుకునే పీఎస్5 స్లిమ్‌ను 2024లో మన దేశంలో 54,990 రూపాయలకు విడుదల చేశారు. ఆ ధరన నాలుగింటికి 2,19,960. ఒక్క మిషన్ ఖరీదు రాబట్టాలంటే దాని ముందు పిల్లలు 917 గంటలు కూర్చోవాలి. అద్దె, కరెంటు, తెగిపోయే కేబుళ్లు, డ్రిఫ్ట్ కొట్టే (ముట్టుకోకుండానే బొమ్మను కదిలించే) రిమోట్లు లెక్కలోకి రాకముందు మాట ఇది.

ధర ఎక్కువని కంపెనీని తిట్టుకోవడం తేలిక, నేనూ చాలాకాలం అదే చేశాను. మా మేనల్లుడు సీఏ చదువుతున్నాడు. ఓ సాయంత్రం గిరాకీ లేనప్పుడు, రాకపోకలు రాసుకునే నోటు పుస్తకం వెనక అట్ట మీద వాడు ఒక లెక్క వేసి చూపించాడు. అప్పటి నుంచి ఈ ఉత్తరం నా బుర్రలో తిరుగుతోంది.

ఆ లెక్క ఇది. ఓడ దిగిన కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి గేమ్ మిషన్) విలువ 100 రూపాయలు అనుకుందాం. మూల కస్టమ్స్ సుంకం 20 శాతం, అంటే 20 రూపాయలు. ఆ 20 మీద పది శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జి, ఇంకో 2. మొత్తం 122. ఇప్పుడు 18 శాతం జీఎస్టీ. అది 100 మీద వేస్తే 18తో పోయేది, కానీ వేసేది 122 మీద. కాబట్టి 21 రూపాయల 96 పైసలు. రేవు దాటి బయటికి వచ్చేసరికి 143 రూపాయల 96 పైసలు. డిస్ట్రిబ్యూటర్ లాభం, షాపువాడి లాభం, లారీ కిరాయి ఆ తర్వాతి సంగతి.

అదే ఓడలో, పక్క పెట్టెలో, 100 రూపాయల ల్యాప్‌టాప్ వచ్చిందనుకోండి. దాని మీద కస్టమ్స్ సుంకం సున్నా. సర్‌చార్జి సున్నా మీద సున్నా. జీఎస్టీ 18. బయటికి వచ్చేసరికి 118.

మా మేనల్లుడు పెన్ను మూత పెడుతూ "మామా, రెండింటికీ తేడా ఏంది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు, స్క్రూడ్రైవర్ తీశాను. వారంటీ ముగిసిన పీఎస్5 ఒకటి బల్ల మీదే ఉంది. తెల్ల మూతలు రెండూ లాగేసి, ఫ్యాను తీసి, లోహపు పలక ఎత్తి చూపించాను. చిప్పుల కంపెనీ ఏఎండీ వాళ్ల ఎనిమిది కోర్ల ప్రాసెసర్, జెన్ 2 రకం. ల్యాప్‌టాప్‌లలోనూ ఇదే రకం వాడారు. 16 జీబీ మెమరీ. గేములు దాచుకునే 825 జీబీ ఎస్‌ఎస్‌డీ. పవర్ సప్లై. వైఫై. స్క్రీనూ కీబోర్డూ తప్ప కంప్యూటర్లో ఉండేవన్నీ ఇందులో ఉన్నాయి. టీవీకి తగిలించి ఆటలాడతాం కాబట్టి ఇది ఆటవస్తువు. అదే గేమ్ 2 లక్షల గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆడితే అది ఆఫీసు సామాను, సుంకం లేదు.

కస్టమ్స్ పట్టికలో ల్యాప్‌టాప్‌ది 8471 నంబరు. కన్సోల్‌ది 9504 50. ఆ 9504 అనే గదిలో దానితోపాటు ఎవరెవరున్నారో చూశాను. పేకముక్కలు, బిలియర్డ్స్ బల్లలు, జాతరల్లో నాణెం వేసి ఆడే యంత్రాలు, బౌలింగ్ సామాను. 2018 బడ్జెట్‌లో ఈ వరుసకు 10 శాతంగా ఉన్న సుంకాన్ని 20 చేశారు. ఆ బడ్జెట్ మీరు పెట్టింది కాదు, జైట్లీ గారు పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ కన్సోల్‌ను 28 శాతం నుంచి 18కి దించింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నారని అనను, ముందు తీసుకుని తర్వాత ఇచ్చారు. కానీ ఆ 20 మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇది బొమ్మా కంప్యూటరా అన్న తగవు మన దగ్గర పుట్టింది కాదు. పీఎస్2 రోజుల్లో సోనీ యూరప్‌లో ఇదే విషయం మీద కోర్టుకెక్కింది. దాన్ని ఆటవస్తువుల్లో పడేసిన నిబంధనను 2003లో అక్కడి కోర్టు కొట్టేసింది. ఆ రోజుల్లో యూరప్‌లో అమ్మిన పీఎస్2తో పాటు ఇచ్చిన డిస్క్‌లో పిల్లలు ప్రోగ్రాములు రాసుకునే బేసిక్ కూడా పెట్టారు. ఇది కంప్యూటరే అని రుజువు చేయడానికే పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత 2015లో నైరోబీలో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో 201 రకాల ఎలక్ట్రానిక్ సరుకుల మీద సుంకం ఎత్తేయాలని యాభైకి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. ఆ జాబితాలో వీడియో గేమ్ కన్సోల్ ఉంది. చైనా, జపాన్, అమెరికా, యూరప్ దేశాలు సంతకం పెట్టాయి. మనం పెట్టలేదు. 1997లో ఇలాంటి మొదటి ఒప్పందంలో చేరితే మన ఎలక్ట్రానిక్ పరిశ్రమ దెబ్బతిన్నదన్న భయం అప్పటికే ఉంది. ఆ భయం వట్టిదని నేను అనను.

ఎందుకంటే సుంకం పని చేయడం నేను చూశాను. అదే 2018 బడ్జెట్‌లో సెల్‌ఫోన్ల మీద కూడా 20 శాతం చేశారు. 2020లో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం తెచ్చారు. శ్రీసిటీలో ఫోన్లు బిగించే పని 2015లోనే మొదలై ఉంది. మా బంధువుల అమ్మాయి అక్కడ రెండేళ్లు పని చేసి వచ్చింది. ఫోన్లు ఇక్కడ తయారై బయటి దేశాలకు పోతున్నాయి. పని పూర్తయిందనిపించాక 2024 జులైలో మీరే ఆ సుంకాన్ని 15కి తగ్గించారు, పరిశ్రమ ఎదిగింది కాబట్టి తగ్గిస్తున్నామని పార్లమెంటులో చెప్పారు. టీవీలో చూశాను, సబబే అనిపించింది.

మరి కన్సోల్ సంగతేమిటి? గోడ కట్టి ఇన్నేళ్లయింది. గోడ వెనక కాపాడాల్సిన ఇల్లు ఎక్కడ? శ్రీసిటీలో లేదు, నోయిడాలో లేదు, శ్రీపెరుంబుదూర్‌లో లేదు. సోనీగానీ మైక్రోసాఫ్ట్‌గానీ ఇక్కడ ఒక్క కన్సోల్ బిగిస్తున్నట్టు నేను వినలేదు. ఫోనైతే ఇంటికి నాలుగుంటాయి, రెండేళ్లకోసారి మారుస్తారు. కన్సోల్ ఒకసారి కొంటే ఏడెనిమిదేళ్లు. ప్రపంచం మొత్తానికి ఒకటి రెండు మోడళ్లే, అవి కూడా చాలావరకు ఒకే దేశంలో తయారవుతాయి. పైగా ఆ కంపెనీలు మిషన్ మీద పెద్దగా సంపాదించవు, గేముల మీద సంపాదిస్తాయి. తమ ఎక్స్‌బాక్స్ ఒక్కోటి వంద నుంచి రెండొందల డాలర్ల నష్టానికి అమ్ముతున్నామని అప్పట్లో దాని పెద్దగా ఉన్న ఫిల్ స్పెన్సర్ 2022లో చెప్పాడు. అంత సన్నని లాభం మీద నడిచే వస్తువుపై 20 శాతం వేస్తే, దాన్ని మింగడానికి కంపెనీ దగ్గర జాగా ఉండదు. నేరుగా మా గల్లాపెట్టె దగ్గరికే వస్తుంది.

బ్రెజిల్‌లో ఇలాగే జరిగింది. 2013లో పీఎస్4 అమెరికాలో 399 డాలర్లు. బ్రెజిల్‌లో 3,999 రియల్స్ (అక్కడి కరెన్సీ), అంటే అప్పటి లెక్కన 1,800 డాలర్లకు పైమాటే. జనం గగ్గోలు పెడితే, ఇందులో పెద్ద వాటా పన్నులదేనని సోనీ లెక్క విప్పి చూపించింది.

అమెరికావాళ్లకు ఈ రుచి 2025లో తెలిసింది. అంతకు ముందు వాళ్ల దగ్గర కన్సోల్ మీద సుంకమే లేదు. 2019లో చైనా సరుకు మీద వేస్తామని ట్రంప్ ప్రభుత్వం అన్నప్పుడు, ఎప్పుడూ కత్తులు దూసుకునే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి వద్దని రాశారు. 2018లో అమెరికాకు వచ్చిన కన్సోళ్లలో 96 శాతానికి పైగా చైనావేనని ఆ ఉత్తరంలో ఉంది. అప్పుడు ఆఖరి నిమిషంలో ఆగింది. నింటెండో మాత్రం ముందు జాగ్రత్తగా కొంత పని వియత్నాంకు మార్చుకుంది. ఆరేళ్లు తిరిగాయి. 2025 ఏప్రిల్ 2న నింటెండో తన కొత్త కన్సోల్ స్విచ్ 2 ధర 449.99 డాలర్లని ప్రకటించింది. అదే రోజు ట్రంప్ దేశాలవారీగా సుంకాలు రాసిన ఒక పెద్ద అట్ట పట్టుకుని నిలబడ్డాడు, అందులో వియత్నాంకు ఎదురుగా 46 శాతం! రెండు రోజుల్లో నింటెండో అమెరికాలో ముందస్తు బుకింగులు వాయిదా వేసింది. తర్వాత అదే ధరకు మొదలుపెట్టినా, అదనపు కంట్రోలర్లూ వగైరాల ధర పెంచింది. ఈలోగా ఏప్రిల్ రెండో వారంలోనే ఫోన్లకు, కంప్యూటర్లకు మినహాయింపు వచ్చింది. కన్సోల్‌కు రాలేదు. చూశారా, అక్కడ కూడా అదే తగవు, కంప్యూటర్ ఒక పంక్తిలో, కన్సోల్ ఇంకో పంక్తిలో.

మే నెలలో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 499.99 నుంచి 599.99 డాలర్లయింది. ఆగస్టులో పీఎస్5 యాభై డాలర్లు ఎక్కి 549.99. అక్టోబరులో ఎక్స్‌బాక్స్ మళ్లీ పెరిగి 649.99. ప్రకటనల్లో "ఆర్థిక పరిస్థితులు", "మార్కెట్ పరిస్థితులు" అని రాశారు తప్ప సుంకం అన్న మాట ఎక్కడా లేదు. మదుపరులతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ ఏడాది సుంకాల దెబ్బ పది వేల కోట్ల యెన్‌లుంటుందని సోనీ మొదట అంచనా చెప్పింది. మా వ్యాపారంలో ఎవరికైనా తెలిసిన సంగతి ఒకటుంది. కన్సోల్ పాతబడే కొద్దీ చవకవ్వాలి. 2000లో 299 డాలర్లకు వచ్చిన పీఎస్2 2009కి 99కి దిగింది. మా లాంటి చిన్న పార్లర్లు పుట్టిందే ఆ దిగుడు మీద. ఐదేళ్లు కావస్తున్న మిషన్ ధర పెరగడం నా అనుభవంలో ఇదే మొదలు.

అమెరికా సంగతి ఇంత సాగదీయడానికి కారణం ఉంది. మా బావమరిది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడి నుంచి సెలవుల్లో వచ్చే ప్రతి తెలుగువాడి సూట్‌కేసులో ఒక లిస్టు ఉంటుందని మీకు తెలియనిది కాదు. విటమిన్ మాత్రలు, బాదం పప్పు, అత్తగారికి పర్సు, బామ్మర్ది కొడుక్కి ప్లేస్టేషన్. నా రెండు పీఎస్5లలో ఒకటి అలా వచ్చిందే. 2024లో అక్కడ అమ్మకం పన్నుతో కలిపి 541 డాలర్లు పడింది, మన డబ్బుల్లో దాదాపు 45 వేలు. వైరు ఒక్కటి మారిస్తే మన కరెంటుకే నడుస్తుంది. అప్పుడున్న 2016 నాటి బ్యాగేజీ నిబంధనల ప్రకారం ప్రయాణికుడికి 50 వేల దాకా సుంకం లేదు, ల్యాప్‌టాప్ ఉంటే దాన్ని ఆ లెక్కలోకి కూడా తీసుకోరు. (అక్కడా ల్యాప్‌టాప్‌దే పెద్దపీట.) కాబట్టి తప్పు చేయలేదు, పది వేలు మిగిలాయి.

2025 ఆగస్టు పెంపు తర్వాత వాడు ఫోన్ చేసి "బావా, ఇంక లాభం లేదు" అన్నాడు. 549.99కి ఫ్రిస్కోలో 8.25 శాతం అమ్మకం పన్ను కలిపితే 595 డాలర్లు. ఆనాటి రూపాయి లెక్కలో 52 వేలు దాటింది, అప్పటి ఉచిత పరిమితి కూడా దాటింది. వాళ్ల సుంకం వాళ్ల దగ్గర పెంచితే, మా హనుమకొండలో ఆఖరి కిటికీ కూడా మూసుకుపోయింది.

ఇక మిగిలింది బిల్లు లేని సరుకు. ఈ మాట ఆర్థిక మంత్రికి రాస్తున్న ఉత్తరంలో ఒప్పుకోవడం తెలివైన పని కాదని మా ఆవిడ అంది. అయినా రాస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక షాపులో ఇంపోర్టెడ్ పీస్ అని, బిల్లు పీస్ కన్నా తొమ్మిది వేలు తక్కువకి ఒక మిషన్ కొన్నాను. సీలు చూశాను, డబ్బా కొత్తదే. ఏడో నెలలో టీవీకి బొమ్మ పోవడం ఆగింది. పట్టుకెళితే షాపువాడు "వారంటీ వాళ్ల దేశంలో ఉంటది అన్నా" అన్నాడు. రిపేరుకు ఆరు వేల ఐదొందలు, పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజులూ మూడో టీవీ ముందు కుర్చీ ఖాళీ. నా తప్పు నాదే, దాన్ని మీ మీద వేయను. అయితే ఆ పీస్ మీద మీ ఖజానాకు ఒక్క పైసా రాలేదన్నది మాత్రం మీరు గమనించాలి. బిల్లు పీస్‌కూ బిల్లు లేని పీస్‌కూ మధ్య తేడా ఎంత పెద్దదైతే ఆ షాపులు అంత బాగా నడుస్తాయి. ఆ తేడాను పెంచి పోషిస్తున్నది ఈ 20 శాతమే.

ఇంకో చిన్న సంగతి. మా పార్లర్ ఆదాయం 20 లక్షలకు ఎక్కడో దిగువన ఉంటుంది, కాబట్టి నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. మిషన్ మీద కట్టిన 18 శాతం పెద్ద వ్యాపారులకు ఎలాగో తిరిగి సర్దుబాటవుతుంది, నాకు కాదు. సుంకం మీద వేసిన జీఎస్టీ కూడా పూర్తిగా నా నెత్తిమీదే.

మీ ప్రభుత్వం 2022 బడ్జెట్‌లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం టాస్క్‌ఫోర్స్ వేస్తామంది. 2025లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి డబ్బులు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను (పోటీలుగా ఆడే వీడియో గేములను) ప్రోత్సహిస్తామంది. మంచిదే. ఫోన్లో పందాల యాప్‌లకు జీతాలు తగలేసిన కుర్రాళ్లను నేను ఎరుగుదును. నా దగ్గర 60 రూపాయలకు గంట ఆడి, ఓడిపోయి, నవ్వుకుంటూ ఇంటికి పోయేవాళ్లనూ ఎరుగుదును. ఒకడు ఇంటర్ చదివేటప్పుడు రోజూ వచ్చి ఆడేవాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గేమ్ కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నాడు. ప్రపంచం ఆడే గేములు మన పిల్లలు తయారు చేయాలంటే ముందు ఆ గేములు ఆడే మిషన్ వాళ్ల చేతికి అందాలి కదా. కోచింగ్ సెంటర్ పెడతాం, బంతి మీద మాత్రం సుంకం వేస్తాం అంటే ఎట్లా?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. 9504 50 అనే ఒక్క గడిని మిగతా వరుస నుంచి విడదీయండి. పేకముక్కల మీద, బౌలింగ్ సామాను మీద మీ ఇష్టం, వాటి తరఫున నేను వకాల్తా పుచ్చుకోలేదు. సున్నా చేస్తే మహదానందం. దిగుమతి విలువ 30 వేలు ఉన్న మిషన్ ఇప్పుడు సుంకాలతో 43,188 అవుతోంది, సున్నా చేస్తే 35,400. తేడా 7,788. నాకు ఒక రిమోట్ వచ్చి, ఇంకా చిల్లర మిగులుతుంది. అంత కుదరదంటే 2018కి ముందున్న 10కి తేండి, 39,294 అవుతుంది. ఫోన్లకు ఇచ్చిన 15 అయినా ఇవ్వండి, కాదనను. తగ్గించిన మేర కంపెనీలు ధర తగ్గిస్తాయా అని మీ అధికారులు అడుగుతారు. అంతా తగ్గించకపోవచ్చు. సగం తగ్గించినా సూట్‌కేసు పీసుల, బిల్లు లేని పీసుల బేరం పడిపోతుంది, నాలాంటివాడు బిల్లు తీసుకునే కొంటాడు.

ఏ రోజుకైనా ఒక కంపెనీ ముందుకొచ్చి శ్రీసిటీలోనో కొంగరకలాన్‌లోనో కన్సోళ్లు బిగిస్తానంటే, అప్పుడు మళ్లీ 20 వేయండి. నేను ఎదురు చెప్పను, మొదటి మిషన్ నేనే కొంటాను.

మా మేనల్లుడు వేసిన లెక్క కాగితం దీనితో జత చేస్తున్నాను. అట్ట మీద టీ మరక ఉంది, అంకెలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి, రెండుసార్లు చూసుకున్నాం. మీ శాఖవాళ్లు ఎవరైనా వరంగల్ వైపు వస్తే ఒకసారి మా పార్లర్‌కు రమ్మనండి, విప్పిన పీఎస్5 ఇంకా బల్ల మీదే ఉంది. ఆదివారం మాత్రం వద్దు, కుర్చీ దొరకదు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక గేమింగ్ పార్లర్ యజమాని